బోర్లోకి దిగిన యూరియా: మీ ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజులు చాలావరకు నీళ్ల గురించే. పొలంలో చల్లిన ఎరువులు, కొట్టిన మందులు బోరు నీళ్లలోకి దిగాయా, దిగితే ఎలా తెలుస్తుంది, తెలిశాక ఏం చేయాలి అని. ఒకేలా ఉన్న ప్రశ్నల్ని కలిపేశాను. కొన్ని జవాబులు పొడుగైపోయాయి, ఓపిక పట్టండి.

ప్రశ్న: మాది పల్నాడు. మిరప, పత్తి వేస్తాం. ఊళ్లో కిట్టుతో పరీక్ష చేసినప్పుడు మా ఇంటి బోరులో నైట్రేట్ ఎక్కువ ఉందన్నారు, ల్యాబ్‌కి పంపితే 112 వచ్చింది. నీళ్లేమో తేటగా, తియ్యగా ఉన్నాయి. టీడీఎస్ మీటరు పెడితే 600 లోపే చూపిస్తోంది. మా నాన్న ఈ కాగితాలేవీ నమ్మడు. కాచి తాగితే సరిపోతుందా?

జవాబు: తమ్ముడూ, కాచడం మాత్రం వద్దు. కాస్తే క్రిములు చస్తాయి గానీ నైట్రేట్ ఎక్కడికీ పోదు. నీళ్లు ఆవిరైన కొద్దీ గిన్నెలో మిగిలిన నీళ్లలో అది ఇంకా చిక్కబడుతుంది. అంటే 112 ఉన్నది కాచాక ఇంకొంచెం పెరుగుతుంది.

నైట్రేట్‌కి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. నీళ్లు తేటగా ఉన్నాయన్నది దీని విషయంలో సాక్ష్యం కానే కాదు. టీడీఎస్ మీటరు నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి ఒక అంకె చూపిస్తుంది, అందులో నైట్రేట్ ఎంతో దానికి తెలియదు. 600 టీడీఎస్‌లో నైట్రేట్ పది ఉండొచ్చు, నూట పన్నెండూ ఉండొచ్చు. నీళ్ల క్యాన్లు అమ్మేవాళ్లు ఆ మీటరు పెట్టి చూపించి 'చూశారా, ప్యూర్' అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది.

మన దేశంలో తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే నీళ్లు దొరకని చోట కొన్ని లవణాలకు సడలింపు ఇస్తారు, నైట్రేట్‌కి అది కూడా లేదు. మీది రెండున్నర రెట్లు. మీ నాన్నగారికి ఇంకో మాట చెప్పి చూడండి. కేంద్ర భూగర్భజల మండలి 2024 చివర్లో ఇచ్చిన నివేదికలో దేశం మొత్తం మీద 15,259 చోట్ల నీళ్లు పరీక్షిస్తే దాదాపు 20 శాతం నమూనాల్లో నైట్రేట్ 45 దాటింది. 2017లో 359 జిల్లాల్లో కనిపించిన సమస్య 2023 నాటికి 440 జిల్లాల్లో కనిపించింది (కొలిచే చోట్లు పెరిగితే జిల్లాలు కూడా కొంత పెరుగుతాయి, అది వేరే సంగతి). ఎక్కువ ఇబ్బంది ఉన్న 15 జిల్లాల్లో పల్నాడు పేరుంది, తెలంగాణ నుంచి రంగారెడ్డి, ఆదిలాబాద్, సిద్దిపేట ఉన్నాయి. కాబట్టి మీ కాగితంలో వింతేమీ లేదు.

ఇప్పుడు తాగడానికి ఏం చేయాలి? క్యాండిల్ ఫిల్టరు, యూవీ లైటు, బొగ్గు ఫిల్టరు ఇవేవీ నైట్రేట్‌ని తీయవు. ఆర్వో తీస్తుంది, అయాన్ ఎక్స్ఛేంజ్ (నైట్రేట్‌ని పట్టుకునే గుళికల గుండా నీళ్లు పంపే పద్ధతి) తీస్తుంది. అయితే ఆర్వో మెంబ్రేన్ పాతబడితే నైట్రేట్ చాలావరకు దాటిపోతుంది, అందుకని మిషన్ పెట్టించాం కదా అని వదిలేయకుండా, బయటికొచ్చే నీళ్లని కూడా ఏడాదికోసారి ల్యాబ్‌లో చూపించుకోవాలి. పైపుల్లో నది నీళ్లు వచ్చే ఊరైతే తాగడానికి, వంటకి అవి వాడుకోండి. స్నానానికి, బట్టలకి, గిన్నెలకి బోరు నీళ్లే వాడుకోవచ్చు, నైట్రేట్ చర్మంలోంచి చెప్పుకోదగ్గంత లోపలికి పోదు.

ప్రశ్న: మాది సిద్దిపేట జిల్లా. మనవడికి మూడు నెలలు. కోడలికి పాలు సరిపోతలేవని పొడి పాలు కలిపి పడుతున్నం, బోరు నీళ్లు కాచి చల్లార్చి. పక్కింటి బోర్ల నైట్రేట్ 90 వచ్చిందట, మాది చూపించలేదు. భయమైతున్నది.

జవాబు: అమ్మా, మీ బోరు పరీక్ష వచ్చేదాకా ఆగకండి. ఈ రోజు నుంచే పొడి పాలకి వేరే నీళ్లు వాడండి: మిషన్ భగీరథ నీళ్లు వస్తుంటే అవి, లేకపోతే ఐఎస్ఐ ముద్ర ఉన్న సీలు బాటిల్ నీళ్లు. వాటిని కాచి చల్లార్చి కలపండి. క్రిముల కోసం ఆ కాచడం మానొద్దు, బోరు నీళ్లని కాచడమే మానాలి.

ఆరు నెలల లోపు పిల్లల కడుపులో నైట్రేట్ సులువుగా నైట్రైట్‌గా మారుతుంది. అది రక్తంలోకి పోయి హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ మోయలేనట్టు చేస్తుంది. పెదాలు, గోళ్ల చుట్టూ చర్మం నీలం తిరుగుతాయి, పిల్లవాడు డల్‌గా అయిపోతాడు, పాలు తాగడు, ఊపిరి గబగబా తీస్తాడు. 1945లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో హంటర్ కామ్లీ అనే డాక్టరు, పల్లెటూళ్ల బావి నీళ్లతో పాలు కలిపి పట్టిన పసిపిల్లల్లో దీన్ని గుర్తించి రాశాడు. ప్రపంచంలో నైట్రేట్‌కి గీసిన హద్దులు ఎక్కువగా ఈ పసిపిల్లల జబ్బుని దృష్టిలో పెట్టుకుని గీసినవే. విరేచనాలు పట్టుకున్న పిల్లలకి ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఆ నీలం రంగు కనిపిస్తే ఒక్క పూట కూడా ఇంట్లో ఉంచకండి, ఆసుపత్రికి తీసుకుపోండి, 'బోరు నీళ్లతో పాలు పడుతున్నాం, నైట్రేట్ ఉండొచ్చు' అని డాక్టరుకి మీరే చెప్పండి. కారణం తెలిస్తే దీనికి మంచి మందు ఉంది, మిథిలీన్ బ్లూ అని నరానికి ఎక్కిస్తారు. మీరు రాసిన దాన్ని బట్టి బాబు హుషారుగానే ఉన్నట్టుంది, ఊరికే టెన్షన్ పడకండి. కోడలి పాలు ఎన్ని వస్తే అన్ని పట్టనివ్వండి. తల్లి తాగిన నీళ్లలోని నైట్రేట్ పాలలోకి పెద్దగా దిగదు. కాకపోతే ఆమె కూడా మంచి నీళ్లే తాగడం మేలు.

ప్రశ్న: మా పొలం బోరులో నైట్రేట్ 38, ఊరి మధ్య చేతి పంపులో 140. ఊళ్లో ఎవరూ యూరియా చల్లరు కదా! ఇదెలా?

జవాబు: భలే ప్రశ్న. నైట్రేట్ అనగానే అందరూ రైతు వైపు చూస్తారు. సగం నిజం. మరుగుదొడ్డి గుంతలు, సెప్టిక్ ట్యాంకు పక్కన ఇంకే గుంత, ఇళ్ల వెనక పెంటకుప్పలు, గేదెల కొట్టాలు, అన్నీ నత్రజనే. ఊరి మధ్య చేతి పంపు చుట్టూ ఇవన్నీ ఇరవై అడుగుల్లో ఉంటాయి.

ఏది ఎక్కడి నుంచి వచ్చిందో కొంతవరకు మామూలు పరీక్షలతోనే పసిగట్టొచ్చు. నైట్రేట్‌తో పాటు క్లోరైడ్ కూడా బాగా ఉండి, కోలిఫామ్ బ్యాక్టీరియా కనబడితే మురుగు వైపు అనుమానం. పొలాల మధ్య బోరులో నైట్రేట్ ఉండి, బ్యాక్టీరియా లేకుండా, చల్లిన సీజన్ తర్వాత వానలకి పెరుగుతుంటే ఎరువుల వైపు. ఇంకా కచ్చితంగా కావాలంటే శాస్త్రవేత్తలు నత్రజని ఐసోటోపులు కొలుస్తారు, యూరియా నుంచి వచ్చిన నైట్రేట్‌కీ మలమూత్రాల నుంచి వచ్చిన దానికీ తేడా పడుతుంది, కానీ ఊరి స్థాయిలో అంత అవసరం లేదు. మీ ఊరి విషయంలో నా ఓటు మరుగుదొడ్లకే. పంపు చుట్టూ గట్టు పగిలి ఉంటే ముందు అది బాగు చేయించండి, తాగడానికి ఆ పంపు వాడకండి.

ప్రశ్న: నైట్రేట్ సరే, పురుగుమందులు ఉన్నాయో లేదో ఎలా తెలుస్తుంది? కిట్టుతో తేలదా? ఖమ్మం జిల్లా నుంచి రాస్తున్నా, మొక్కజొన్న, పత్తి, మిరప.

జవాబు: తేలదు. ఊళ్లో అయిదుగురు మహిళలకి శిక్షణ ఇచ్చి ఇచ్చే ఆ కిట్టులో పీహెచ్, క్లోరైడ్, ఫ్లోరైడ్, నైట్రేట్, ఇనుము లాంటివి రంగు చూసి చెప్తారు. పురుగుమందులు లీటరు నీళ్లలో మైక్రోగ్రాముల్లో ఉంటాయి, అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు. దానికి గ్యాస్ క్రొమటోగ్రాఫ్, మాస్ స్పెక్ట్రోమీటర్ లాంటి మిషన్లు కావాలి. మన ప్రమాణం ప్రకారం అట్రజిన్ 2 మైక్రోగ్రాములు, మోనోక్రోటోఫాస్ 1, క్లోరిపైరిఫాస్ 30, ఇలా ఒక్కో మందుకి ఒక్కో హద్దు. ఐరోపాలో ఇంత లెక్క లేదు, ఏ మందైనా 0.1 దాటకూడదు, అన్నీ కలిపి 0.5 దాటకూడదు, అంతే.

ఎన్ఏబీఎల్ (ల్యాబులకి గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబుల్లో చేస్తారు, ఖర్చు వేలల్లో ఉంటుంది. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పురుగుమందుల అవశేషాల ప్రయోగశాల ఉంది, నమూనా తీసే ముందు ఫోన్ చేసి అడగండి. ఒక్కరే భరించడం కష్టం కాబట్టి పది మంది కలిసి ఊళ్లో ఒకటి రెండు బోర్లు ఎంచుకోండి: పొలాలకి దిగువన ఉన్నది, లోతు తక్కువున్నది. 'అన్ని మందులూ చూడండి' అంటే బిల్లు పేలుతుంది. మీ ఊళ్లో గత రెండు మూడేళ్లలో ఏం కొట్టారో షాపు బిల్లులు చూసి జాబితా రాసుకుపోండి. అందులో నీళ్లలో తేలిగ్గా కరిగి మట్టికి అంటుకోని వాటినే ముందు అడగండి: మొక్కజొన్నలో కలుపుకి కొట్టే అట్రజిన్, ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్, మోనోక్రోటోఫాస్, కార్బోఫ్యూరాన్ గుళికలు. గ్లైఫోసేట్, సింథటిక్ పైరిత్రాయిడ్లు మట్టిని గట్టిగా పట్టుకుంటాయి, మామూలుగా లోతుకి దిగవు. ఇక్కడొక మెలిక ఉంది. నల్లరేగడి ఎండితే బీటలు పడుతుంది కదా, మొదటి పెద్ద వానకి పై నీళ్లు ఆ బీటల్లోంచి మట్టిని తాకకుండానే నేరుగా కిందికి పోతాయి. అప్పుడు దిగవనుకున్నవి కూడా దిగుతాయి.

నమూనా పట్టేటప్పుడు జరిగే పొరపాట్ల వల్లే సగం రిపోర్టులు చెత్తబుట్టకి పోతాయి. మోటారు వేసిన వెంటనే వచ్చే నీళ్లు పట్టకూడదు, పైపులో నిలవున్న నీళ్లవి. పావుగంట ఆడనివ్వండి, చాలా రోజులు వాడని బోరైతే ఇంకా ఎక్కువ సేపు. ట్యాంకులోంచి కాకుండా బోరు దగ్గరే పట్టండి. నైట్రేట్‌కి శుభ్రమైన ప్లాస్టిక్ సీసా చాలు, పురుగుమందులకి మాత్రం ల్యాబు వాళ్లిచ్చే ముదురు గోధుమ రంగు గాజు సీసా కావాలి, ఎందుకంటే కొన్ని మందులు ప్లాస్టిక్‌కి అంటుకుంటాయి, కొన్ని వెలుతురుకి విరిగిపోతాయి. ఐసు పెట్టెలో పెట్టి ఆ రోజో మర్నాడో ల్యాబులో ఇవ్వండి. మందు కొట్టి వచ్చిన చేతుల్తో సీసా ముట్టుకోకండి, ఇది వేరే చెప్పాలా అనుకుంటారు గానీ చెప్పాల్సిందే.

ప్రశ్న: మా బోరులో నైట్రేట్ ఉందని తెలిశాక ఒకాయన వచ్చి, ఏదో పొడి బోరులో పోస్తే భూమిలోని నీళ్లే శుభ్రమైపోతాయి, ఇరవై వేలు అన్నాడు. నిజంగా భూగర్భజలాన్ని శుభ్రం చేయొచ్చా?

జవాబు: ఆయనకి ఇరవై వేలు కాదు, ఇరవై రూపాయలు కూడా ఇవ్వకండి. బ్లీచింగ్ పౌడర్ పోసినా, పటిక వేసినా, ఆయన పొడి పోసినా నైట్రేట్ చెక్కుచెదరదు. అయినా మీ బోరు కింద ఉన్నది బకెట్టులో నీళ్లు కాదు, చుట్టుపక్కల పొలాలన్నిటి కింద నుంచి రాతి పగుళ్లలో కదులుతున్న నీళ్లు. ఇవాళ మీ బోరు కింద ఉన్నవి రేపు పక్కాయన బోరు కిందికి పోతాయి.

శుభ్రం చేయడం అన్నది రెండు రకాలు. ఎక్కడో ఒక చోట మందుల గోడౌన్ కారిందో, పాత మందుల డబ్బాలు గొయ్యి తీసి పూడ్చారో, అప్పుడు ఆ చోటు తెలుసు కాబట్టి మట్టి తవ్వి తీసేయొచ్చు, చుట్టూ బోర్లు వేసి నీళ్లు బయటికి తోడి బొగ్గు గుండా పంపి శుద్ధి చేయొచ్చు. ఖర్చు ఉంటుంది, ఏళ్లు పడుతుంది, కానీ అవుతుంది. వేల ఎకరాల్లో ఇన్నేళ్లు చల్లిన ఎరువు కిందికి దిగితే మాత్రం దాన్ని తోడి కడగడం ఏ ప్రభుత్వం వల్లా కాలేదు. కాలిఫోర్నియాలో డీబీసీపీ అనే నులిపురుగుల మందుని 1977లోనే ఆపేశారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఫ్రెస్నో నగరం తన బావుల మీద బొగ్గు ఫిల్టర్లు పెట్టుకుని నీళ్లు ఇస్తూ వచ్చింది, భూమి లోపల కడగలేక పైకొచ్చాక కడుక్కుంది. జర్మనీ 1991లో అట్రజిన్ నిషేధించింది, ఇప్పటికీ అక్కడి భూగర్భజలాల్లో దాని జాడ దొరుకుతూనే ఉంది. ఫోరేట్ గుళికలు మన దగ్గర 2020 చివరితో నిషేధంలోకి వెళ్లాయి, కానీ మట్టిలోకి ముందే దిగింది ఆ గెజిట్ చదవదు కదా.

ఆశ లేదా అంటే ఉంది. డెన్మార్క్‌లో తాగునీరంతా భూగర్భజలమే, అందుకని వాళ్లు 1980ల్లోనే మేల్కొన్నారు. రైతు ఎంత నత్రజని వేయొచ్చో లెక్క కట్టారు, చలికాలం నేల ఖాళీగా ఉండకుండా పైరు ఉంచమన్నారు, పశువుల ఎరువు నిల్వకి తొట్లు కట్టించారు. పొలంలో పైరు తీసుకోగా మిగిలే నత్రజనిని దాదాపు సగానికి తగ్గించారు. 1989 నుంచి దేశమంతా బావులు పెట్టి కొలుస్తూ ఉంటే, కొత్తగా దిగుతున్న నీళ్లలో నైట్రేట్ తగ్గుముఖం పట్టింది. పాత నీళ్లలో ఇంకా ఉంది, అవి బయటికి రావడానికి టైమ్ పడుతుంది. ఐరోపా కూటమి 1991లో నైట్రేట్ల మీద చట్టం తెచ్చుకుంది.

చెక్కపొట్టు కందకాలు అని ఇంకోటి చేస్తున్నారు. భూమిలో నీళ్లు కదిలే దారికి అడ్డంగా కందకం తవ్వి చెక్కపొట్టు నింపుతారు. గాలి అందని చోట బ్యాక్టీరియా ఆ చెక్కని తింటూ నైట్రేట్‌ని మామూలు నత్రజని వాయువుగా మార్చేస్తుంది. పైపైన, కొన్ని అడుగుల్లో నీళ్లుండే చోట పనిచేస్తుంది. మన తెలంగాణ, రాయలసీమ రాతి నేలల్లో రెండు మూడు వందల అడుగుల బోర్లకి ఇది కుదరదు.

మీకు నేను చెప్పే పని ఒకటే. ఆ నీళ్లని తాగకండి, పైరుకి పెట్టండి, పెట్టినంత యూరియా తగ్గించండి. ఇదేదో మాటవరసకి అన్నది కాదు, లెక్క చూడండి. ఎకరం మీద ఒక అంగుళం నీళ్లు నిలబెడితే సుమారు లక్షా మూడు వేల లీటర్లు. పైన పల్నాడు తమ్ముడి బోరులో లాగా నైట్రేట్ 112 ఉంటే, అందులో అసలు నత్రజని లీటరుకి 25 మిల్లీగ్రాములు (నైట్రేట్ అంకెని 4.43తో భాగిస్తే వస్తుంది). అంటే అంగుళానికి 2.6 కిలోల నత్రజని. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం చొప్పున ఉన్నది 20.7 కిలోలు. ఎనిమిది అంగుళాల నీళ్లు, అంటే రెండేసి అంగుళాల తడులు నాలుగు పెట్టేసరికి ఒక యూరియా బస్తా మీరు కొనకుండానే పొలంలో పడింది. మిరపకి తడులు నాలుగుతో అయిపోవు కదా! పైరు అంతా పట్టుకోదు అనుకున్నా, పైపాటుగా వేసే యూరియాలో ఒక బస్తా ధైర్యంగా తీసేయొచ్చు. ఒకేసారి భయమైతే అర ఎకరంలో తీసి చూడండి. ఇలా తోడి పైరుకి పెట్టడం కూడా శుద్ధే, కింద ఉన్నది పైకొచ్చి కాయలోకో ఆకులోకో పోతోంది. కాకపోతే మీరు పాత లెక్కనే యూరియా చల్లుతూ ఈ నీళ్లు పెడితే అదంతా మళ్లీ కిందికే.

ఇంకో లాభం ఉంది. నత్రజని ఎక్కువైతే ఆకు మెత్తగా, ఏపుగా పెరిగి రసం పీల్చే పురుగుల్ని పిలుస్తుంది. 2021 నుంచి మిరపలో నల్ల తామర పురుగు ఎన్ని స్ప్రేలు తినిపించిందో గుంటూరు, ఖమ్మం వైపు ఎవర్నడిగినా చెప్తారు. యూరియా బస్తా తగ్గితే మందు డబ్బా కూడా తగ్గే అవకాశం ఉంది.

ప్రశ్న: బాపట్ల తీరంలో ఇసుక నేల మాది. దొరువు తవ్వి కూరగాయలు, వేరుశనగ వేస్తాం. అయిదారు అడుగుల్లోనే నీళ్లు. ఆ దొరువు నీళ్లే తాగేవాళ్లూ ఉన్నారు.

జవాబు: అన్నా, నల్లరేగడి వాళ్లకి ఏళ్లు పట్టేది మీకు ఒక్క వానకే అవుతుంది. ఇసుకలో మట్టిరేణువులు, సేంద్రియ పదార్థం తక్కువ కాబట్టి ఎరువునీ మందునీ పట్టి ఉంచేది ఏమీ లేదు. యూరియా వేసి మర్నాడు భారీ వాన పడితే ఆ ఎరువు చాలావరకు దొరువులో ఉన్నట్టే.

మీ దగ్గర ఎరువు ఎంత వేశారన్న దానికంటే ఎన్ని దఫాలుగా వేశారన్నదే ముఖ్యం. రెండుసార్లు వేసేది ఆరుసార్లుగా విడగొట్టండి, డ్రిప్ ఉంటే వారానికి కొంచెం కొంచెం ఇవ్వండి. వాన సూచన ఉన్నప్పుడు చేతిలో బస్తా పట్టుకోవద్దు. గుళికల మందులు ఇసుకలో అసలు వాడకపోవడమే మంచిది. పంట లేనప్పుడు జనుమో, పిల్లిపెసరో చల్లి కలియదున్నితే నేలకి కాస్త పట్టు వస్తుంది, మిగిలిన నత్రజనిని కూడా అది తినేస్తుంది. దొరువు గట్టు మీద స్ప్రేయరు నింపడం, డబ్బాలు కడగడం పూర్తిగా ఆపాలి. ఇక తాగడం... ఆ నీళ్లు తాగకండి, ఎవరినీ తాగనివ్వకండి.

ప్రశ్న: ఎండిపోయిన పాత బోరు ఉంది. పొలంలో పారే వాన నీళ్లు అందులోకి మళ్లిస్తే భూగర్భజలం పెరుగుతుందని మా ఊళ్లో చాలామంది చేస్తున్నారు. అనంతపురం జిల్లా.

జవాబు: వద్దు. ఇంట్లో తాగే గ్లాసులోకి పొలం కాలువ కలపడమే ఇది. మామూలుగా వాన నీళ్లు ఇరవై ముప్పై అడుగుల మట్టి దాటి కిందికి దిగుతాయి, ఆ మట్టిలో సూక్ష్మజీవులు కొన్ని మందుల్ని విరిచేస్తాయి, కొన్నిటిని మట్టి పట్టుకుంటుంది. ఎండిన బోరులోకి నేరుగా వదిలితే ఆ కాపలా అంతా దాటించి మందు కొట్టిన పొలం నీళ్లని రెండు వందల అడుగుల కిందికి దింపినట్టు. ఇంటి పైకప్పు నీళ్లయితే ఇసుక, కంకర ఫిల్టరు కట్టి వదలొచ్చు. పొలం నీళ్లకి ఫారం పాండో, కందకాలో తవ్వుకోండి, నెమ్మదిగా మట్టిలోంచి దిగనివ్వండి. వాడని బోరుకి మూత వేయించండి, చిన్నపిల్లలు పడే ప్రమాదం కూడా తప్పుతుంది.

వాడే బోరు సంగతి కూడా చూసుకోండి. కేసింగ్ పైపు చుట్టూ మట్టి కుంగి సందు ఉంటే ఆ సందులోంచి పై నీళ్లు నేరుగా దిగుతాయి. సిమెంటుతో పూడ్చి, చుట్టూ వాలుగా గట్టు కట్టించాలి, కేసింగ్ నేల మీద అడుగైనా పైకి ఉండాలి.

ప్రశ్న: మాది ఉద్దానం. మా కిడ్నీ జబ్బులకి పురుగుమందుల నీళ్లే కారణమని కొందరు, కాదని కొందరు. ఏది నమ్మాలి?

జవాబు: ఇద్దరిలో ఎవరు గట్టిగా చెప్పినా నమ్మకండి. ఉద్దానం కిడ్నీ జబ్బు మీద చాలా అధ్యయనాలు జరిగాయి. నీళ్లలో సిలికా, భార లోహాలు, పురుగుమందులు, ఎండలో పని చేసి ఒంట్లో నీళ్లు తగ్గడం, నొప్పి మాత్రలు, జన్యువులు ఇలా చాలా అనుమానాలు ఉన్నాయి, ఏ ఒక్కటీ కారణమని తేలలేదు. శ్రీలంక రైతుల్లో, మధ్య అమెరికా చెరకు కూలీల్లో ఇలాంటిదే ఉంది, అక్కడా తేలలేదు. కారణం తేలేదాకా చేయదగ్గ పని తాగునీరు మార్చడం, ఆ పని 2023 డిసెంబర్ నుంచి హిరమండలం రిజర్వాయరు నీళ్లు పైపుల్లో తెచ్చి మొదలుపెట్టారు. మీ ఇంటి పంపుకి ఆ నీళ్లు వస్తుంటే బోరు నీళ్ల రుచి కోసం దాన్ని వదులుకోకండి. క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష) ఆరు నెలలకోసారి చేయించుకోండి, డాక్టరు చెప్పకుండా నొప్పి మాత్రలు వేసుకోకండి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో అయోవాలో, ఊరి బయట సొంత బావి ఉన్న ఇల్లు కొన్నాడు. చుట్టూ మొక్కజొన్న చేలే. రిపోర్టులో నైట్రేట్ 8 అని ఉంది, ఇక్కడ 45 దాకా ఫర్వాలేదంటారు కదా, మరి అంత మంచి నీళ్లా?

జవాబు: అంత మంచివేం కావు. అక్కడ నైట్రేట్‌ని అందులోని నత్రజని లెక్కలో రాస్తారు, హద్దు 10. మన లెక్కలోకి మార్చాలంటే 4.43తో గుణించాలి, 8 అంటే మన 35. హద్దుకి దగ్గర్లోనే ఉంది. అమెరికాలో సొంత బావుల్ని ప్రభుత్వం తనంతట తానుగా పరీక్షించదు, ఆ బాధ్యత ఇంటి యజమానిదే. ఏడాదికోసారి, వీలైతే వసంతంలో వానల తర్వాత చూపించుకోమనండి. అక్కడి డె మొయిన్ నగరానికి తాగునీరు నదుల నుంచి వస్తుంది, ఆ నదుల్లోకి చేల నుంచి నైట్రేట్ కొట్టుకొచ్చి 1990ల మొదట్లోనే పెద్ద నైట్రేట్ శుద్ధి ప్లాంటు కట్టుకోవాల్సి వచ్చింది. 2025 జూన్‌లో నైట్రేట్ పెరిగి ప్లాంటు మీద భారం తగ్గించడానికి పచ్చిక బయళ్లకి నీళ్లు పెట్టొద్దని ఆంక్షలు కూడా పెట్టారు. ఇంట్లో పసిపిల్లలుంటే వంటింటి సింకు కింద చిన్న ఆర్వో పెట్టించుకోమనండి.

ప్రశ్న: నైట్రేట్ ఉన్న బోరు నీళ్లు గేదెలకి పెట్టొచ్చా?

జవాబు: వంద దరిదాపుల్లో ఉన్న నీళ్లు మామూలుగా మేసే పెద్ద పశువుకి హాని చేయవు. నైట్రేట్ ఎక్కువున్న మేత, అంటే యూరియా ఎక్కువ వేసి నీటి ఎద్దడికి గురైన పచ్చి జొన్న లాంటిది, అదే రోజుల్లో మేపితే మాత్రం రెండూ కలిసి ప్రమాదం. పశువు పొట్టలో కూడా నైట్రేట్ నైట్రైట్‌గా మారి రక్తం ముదురు గోధుమ రంగుకి తిరుగుతుంది, పశువు వణికి కూలబడుతుంది. అంతకంటే ఎక్కువ ప్రమాదం డ్రిప్‌కి ఎరువు కలిపిన డ్రమ్ములో, తొట్టిలో మూతి పెట్టడం. యూరియా నీళ్లు తాగితే విషం వేరు, అది అమోనియా, ఇంకా తొందరగా చంపుతుంది. డ్రమ్ముకి మూత పెట్టండి. వెంచురీతో (డ్రిప్ నీళ్లలోకి ఎరువుని పీల్చి కలిపే పరికరం) ఎరువు పంపేవాళ్లు మోటారు పైపుకి నాన్ రిటర్న్ వాల్వు ఉందో లేదో ఈ రోజే చూసుకోండి, లేకపోతే కరెంటు పోయినప్పుడు ఆ ఎరువు నీళ్లు వెనక్కి బోరులోకే పోతాయి. పశువు అలాంటి నీళ్లు తాగిందని అనుమానం వస్తే పశువుల డాక్టరుకి ఏం తాగిందో ముందే ఫోన్లో చెప్పండి, నైట్రేట్‌కి ఇచ్చే మందు వేరు, యూరియాకి వేరు.